అభయం లేని అడుగు: ఎస్తేరు గ్రంథంలో విశ్వాసం, ధైర్యం

హీబ్రూ లేఖనాల్లో ధైర్యవంతుల కథలకు కొదవ లేదు. గొల్యాతు ఎదుట నిలిచిన దావీదు తాను ఎవరి పేరట వచ్చాడో గట్టిగా ప్రకటించి మరీ వడిసెల తిప్పుతాడు. గిద్యోను యుద్ధానికి వెళ్లే ముందు కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి, ఒక రాత్రి బొచ్చు తడిసి నేల పొడిగా ఉండాలనీ, మరో రాత్రి నేల తడిసి బొచ్చు పొడిగా ఉండాలనీ కోరి, దేవుణ్ణి రెండుసార్లు పరీక్షించి గానీ కదలడు. మోషేకు మండుతున్న పొద కనిపిస్తుంది, అందులోంచి స్వరం వినిపిస్తుంది, చేతికర్ర పామవుతుంది. వీళ్లందరి భయాలకూ ఏదో ఒక రూపంలో పైనుంచి జవాబు అందుతుంది. తన జాతిని కాపాడటానికి ప్రాణానికి తెగించిన యూదు రాణి ఎస్తేరుకు అటువంటి జవాబు ఏదీ అందదు. ఆమెకు కల రాదు, దేవదూత కనిపించడు, ప్రవక్త ఎవరూ వచ్చి అభయమివ్వడు.

అంతకన్నా విచిత్రమైన సంగతి మరొకటి ఉంది. 10 అధ్యాయాలు, 167 వచనాలు ఉన్న హీబ్రూ ఎస్తేరు గ్రంథంలో దేవుని పేరు ఒక్కసారి కూడా రాదు. ప్రార్థన చేశారన్న మాట లేదు, ధర్మశాస్త్రం ఊసు లేదు, యెరూషలేము ఆలయం ప్రస్తావన లేదు. పారసీక రాజు ప్రస్తావన మాత్రం దాదాపు 190 సార్లు వస్తుంది. అయినా యూదులూ క్రైస్తవులూ తరతరాలుగా దీన్ని విశ్వాస గాథగానే చదువుతున్నారు. ఆడపిల్లకు ఎస్తేరు రాణి అని పేరు పెట్టుకునే తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ‘నశిస్తే నశిస్తాను’ అన్న ఆమె మాట ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. ఆ ప్రసంగాలు సాధారణంగా ఆమె విశ్వాసాన్ని తెలిసిన విషయంగానే తీసుకుని ముందుకు సాగిపోతాయి. మూలాన్ని నిదానంగా చదివితే మాత్రం అది అంత సులువుగా తేలే విషయం కాదని అర్థమవుతుంది. దేవుడు మౌనంగా ఉన్న కథలో విశ్వాసం దేని మీద నిలబడింది, ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది అన్నవి విడివిడిగా పరిశీలించవలసిన ప్రశ్నలు.

కథ జరిగేది షూషను కోటలో. నేటి ఇరాన్ నైరుతి భాగంలో, ఖూజెస్తాన్ ప్రాంతంలోని షూష్ పట్టణమే ఆ షూషను. అక్కడి తవ్వకాల్లో పారసీక చక్రవర్తి దర్యావేషు కట్టించిన రాజసౌధం అవశేషాలు బయటపడ్డాయి. గ్రంథంలోని రాజు అహష్వేరోషును చాలామంది పండితులు క్రీ.పూ. 486 నుంచి 465 వరకు ఏలిన మొదటి క్సెర్క్సెస్‌గా గుర్తిస్తారు, ప్రాచీన గ్రీకు అనువాదం మాత్రం అతణ్ణి అర్తక్సెర్క్సెస్ అంటుంది. ఈ రాజు హిందూదేశం మొదలుకొని కూషు దేశం వరకు 127 సంస్థానాలను ఏలాడని మొదటి వచనమే చెబుతుంది. హీబ్రూ లేఖనాల్లో మన దేశం పేరు కనిపించే చోట్లు ఈ గ్రంథంలోనివే. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ మాత్రం ఆ సామ్రాజ్యాన్ని 20 పరిపాలనా విభాగాలుగా లెక్కించాడు, క్సెర్క్సెస్ రాణి పేరు అమెస్త్రిస్ అన్నాడు. ఎస్తేరు, ఆమెను పెంచిన బంధువు మొర్దెకైల గురించి పారసీక ఆధారాలేవీ చెప్పవు. అందుచేత ఇది చరిత్ర కన్నా, పరాయి రాజుల ఆస్థానాల్లో బతకవలసి వచ్చిన యూదులు తమ అనుభవంలోంచి అల్లుకున్న ఆస్థాన కథ అని భావించే పండితులు చాలామంది ఉన్నారు. ఆ వివాదం ఎటు తేలినా, ప్రవాసంలో ఉన్న ఒక చిన్న జాతి ధైర్యాన్ని ఎలా ఊహించుకుందో తెలుసుకోవడానికి ఈ గ్రంథం చాలు.

ఆ ధైర్యాన్ని అంచనా వేయాలంటే ముందు ఆ ఆస్థానాన్ని చూడాలి. రాజు 180 దినాల పాటు తన వైభవాన్ని ప్రదర్శించి, ఆపై మరో ఏడు దినాలు కోటలో ఉన్నవారందరికీ విందు చేస్తాడు. ఏడవ నాడు ద్రాక్షారసం మత్తులో రాణి వష్తిని సభకు రప్పించి ఆమె అందాన్ని అందరికీ చూపాలనుకుంటాడు, ఆమె రానంటుంది. భార్యాభర్తల మధ్య తలెత్తిన ఈ పేచీని మంత్రి మెమూకాను సామ్రాజ్య సంక్షోభంగా మార్చి చూపిస్తాడు. ప్రతి పురుషుడూ తన ఇంట్లో అధికారిగా ఉండాలన్న శాసనం అన్ని సంస్థానాలకూ, అన్ని లిపుల్లోనూ వెళ్తుంది. రచయిత ఇక్కడ నవ్వుతున్నాడనడంలో నాకు సందేహం లేదు, కాని ఆ నవ్వు వెనక గంభీరమైన హెచ్చరిక కూడా ఉంది. రాజు మనసు క్షణక్షణానికీ మారుతుంది, అతని పేరట వెలువడిన శాసనం మాత్రం ఎన్నటికీ మారదు. మనిషి చపలంగానూ చట్టం కఠినంగానూ ఉన్న ఇలాంటి చోట ఎవరి ప్రాణానికీ భరోసా ఉండదు. పిలిస్తే రాలేదన్న కారణానికి వష్తి కిరీటం పోగొట్టుకుంది. ఆమె స్థానంలోకి వచ్చిన ఎస్తేరు పిలవకుండా వెళ్లవలసిన పరిస్థితి రాబోతోంది.

ఎస్తేరు ఆ కోటలోకి తన ఇష్టంతో వెళ్లినట్టు గ్రంథం ఎక్కడా చెప్పదు, ఆమెను తీసుకువెళ్లారనే అంటుంది. ఆమె తల్లీతండ్రీ లేని పిల్ల, అసలు పేరు హదస్సా. పినతండ్రి కూతురైన ఆమెను మొర్దెకై తన కుమార్తెగా పెంచుకున్నాడు. అంతఃపురంలో ఆరు నెలలు గోపరస తైలంతోనూ మరో ఆరు నెలలు సుగంధ ద్రవ్యాలతోనూ కన్యలను రాజు కోసం సిద్ధం చేసేవారు. ఆమె తన జాతినీ వంశాన్నీ ఎవరికీ తెలియనివ్వలేదు, ఎందుకంటే మొర్దెకై అలా ఆజ్ఞాపించాడు. మొదటి మూడు అధ్యాయాల్లో ఆమె గురించి ఇతరులు చెప్పుకోవడమే గాని, ఆమె నోటి మాటగా రచయిత ఒక్క వాక్యమైనా రాయడు. చెప్పింది చేసే పిల్లగా ఉన్న ఈమె కథ చివరికి రాజశాసనాలు రాయించే స్థాయికి ఎలా చేరిందన్నదే ఈ గ్రంథపు అసలు కథాంశం.

ప్రమాదానికి మూలం మాత్రం మొర్దెకై నిర్ణయం. రాజు హామాను అనే వాణ్ణి అధిపతులందరి పైన నియమించి, అందరూ అతనికి మోకరించాలని ఆజ్ఞాపిస్తాడు. మొర్దెకై మోకరించడు. ఎందుకో గ్రంథం విడమరచి చెప్పదు, తాను యూదుణ్ణని అతను తోటివారితో అన్నాడని మాత్రం చెబుతుంది. మనుషులకు మోకరించడాన్ని యూదుల లేఖనాలు ఎక్కడా నిషేధించలేదు. అబ్రాహాము హేతు కుమారులకు సాగిలపడ్డాడు, యాకోబు తన అన్న ఏశావు ఎదుట ఏడుసార్లు నేలకు వంగాడు. ఈ చిక్కు విప్పడానికి తర్వాతి కాలపు యూదు మతబోధకులైన రబ్బీలు హామాను తన వస్త్రాల మీద విగ్రహ రూపాన్ని ధరించేవాడని చెప్పారు. ఇంకొందరు పాత పగను ఎత్తి చూపుతారు. హామాను అగాగు వంశీయుడు, అగాగు అమాలేకీయుల రాజు. మొర్దెకై వంశావళిలో కీషు పేరు ఉంది, కీషు అగాగుతో పోరాడిన సౌలు రాజు తండ్రి. కారణం ఏదైనా, ఒక మనిషి పట్టుదలకు మూల్యం జాతి మొత్తం చెల్లించవలసి వస్తోంది. హామాను ఖజానాకు 10,000 తలాంతుల వెండి ఇస్తానని చెప్పి, చీట్లు వేసి తేల్చిన అదారు నెల 13వ తేదీన యూదులందరినీ హతమార్చే శాసనం రాజముద్రతో పంపిస్తాడు. మొర్దెకై చేసింది ధైర్యమా, మొండితనమా అన్న ప్రశ్నకు గ్రంథం తీర్పు చెప్పదు. నాకు మాత్రం, పర్యవసానాన్ని తలచకుండా నిలబడ్డ మొర్దెకై ధైర్యానికీ, పర్యవసానమంతా లెక్క వేసుకుని అడుగు వేసిన ఎస్తేరు ధైర్యానికీ మధ్య ఉన్న తేడాను రచయిత కావాలనే మన ముందు పెట్టాడనిపిస్తుంది.

అసలు మలుపు నాల్గవ అధ్యాయంలో ఉంది, ఈ గ్రంథంలో విశ్వాసం గురించి చెప్పగలిగిన ప్రతి మాటా అక్కడి సంభాషణ నుంచే రావాలి. మొర్దెకై బట్టలు చింపుకుని గోనెపట్ట కట్టుకుని రాజు గుమ్మం ఎదుటికి వస్తాడు, గోనెపట్టతో ఎవరూ లోనికి రాకూడదు గనుక అక్కడే ఆగిపోతాడు. లోపల ఉన్న ఎస్తేరుకు శాసనం సంగతే తెలియదు. సామ్రాజ్యమంతటికీ చేరిన వార్త రాణివాసానికి చేరలేదు. ఆమె మొదట చేసిన పని అతనికి మంచి బట్టలు పంపడం, అతను వాటిని తిప్పి పంపుతాడు. అప్పుడు హతాకు అనే అంతఃపుర సేవకుడి ద్వారా ఇద్దరి మధ్య కబుర్లు నడుస్తాయి. అతను శాసనం ప్రతిని పంపి, రాజు దగ్గరికి వెళ్లి తన ప్రజల కోసం వేడుకోమంటాడు.

అప్పుడు తొలిసారిగా ఎస్తేరు మాట మనకు నేరుగా వినబడుతుంది, అది భయంతో కూడిన మాట. పిలుపు లేకుండా లోపలి ఆవరణంలో రాజును సమీపించేవారు పురుషులైనా స్త్రీలైనా వారికి ఒకటే శిక్ష, మరణం. రాజు తన బంగారు రాజదండం చాపితేనే ప్రాణం దక్కుతుంది. తనను రాజు పిలిచి ముప్పై దినాలైంది. ఆమె సమాధానం ఇంతే. దీన్ని పిరికితనమని కొట్టిపారేసే వ్యాఖ్యానాలు ఉన్నాయి గాని, అవి అన్యాయమైనవి. ఆమె తన పరిస్థితిని ఉన్నదున్నట్టు చెప్పింది. రాణి అన్న బిరుదు ఎంత బోలు పదవో ఆ ముప్పై దినాల లెక్క ఒక్కటే చెబుతుంది.

మొర్దెకై జవాబులో మూడు మాటలున్నాయి. రాజనగరులో ఉన్నావు గనుక నువ్వొక్కతెవే తప్పించుకుంటావని అనుకోవద్దు అన్నది మొదటిది. ఈ సమయంలో నువ్వు మౌనంగా ఉంటే యూదులకు విడుదల మరో చోటి నుంచి వస్తుంది, నువ్వూ నీ తండ్రి ఇంటివారూ నశిస్తారు అన్నది రెండవది. ఇటువంటి సమయం కోసమే నువ్వు రాణివయ్యావేమో ఎవరికి తెలుసు అన్నది మూడవది. రెండవ మాటలోని ‘మరో చోటు’ దేవుడేనని చాలామంది పాఠకులు వెంటనే అర్థం చేసుకుంటారు. అలా చదవడంలో తప్పు లేదు గాని, ఆ నమ్మకం దేని గురించో గమనించాలి. జాతి నిలుస్తుందని మొర్దెకై నిశ్చయంగా చెబుతున్నాడు, ఎస్తేరు బతుకుతుందని మాత్రం చెప్పడం లేదు. ఆమె వెళ్తే క్షేమంగా తిరిగి వస్తుందన్న వాగ్దానం అతని నోట రాలేదు. దేవుడు నీతో ఉంటాడు, వెళ్లు అనగలిగినవాడే, అనలేదు.

‘ఎవరికి తెలుసు’ అన్నది బలహీనమైన మాటలా కనిపిస్తుంది. అయితే హీబ్రూ లేఖనాల్లో దానికి ఒక పరంపర ఉంది. యోనా గ్రంథంలో నీనెవె రాజు గోనెపట్ట కట్టుకుని, దేవుడు మనసు మార్చుకుంటాడేమో ఎవరికి తెలుసు అంటూ నగరమంతటికీ ఉపవాసం ప్రకటిస్తాడు. యోవేలు ప్రవక్త అదే మాటతో ప్రజలను ఉపవాసానికి పిలుస్తాడు. బిడ్డ చావుబతుకుల్లో ఉన్నప్పుడు నేల మీద పడి ఉపవాసమున్న దావీదు కూడా, దేవుడు కనికరిస్తాడేమో ఎవరికి తెలుసు అనుకున్నానని తర్వాత చెబుతాడు. నీనెవె బతికింది, దావీదు బిడ్డ బతకలేదు. కనుక ఇది ఫలితం తెలిసినవారి మాట కాదు, తెలియకపోయినా చేయవలసింది చేసేవారి మాట. ఈ గ్రంథంలో విశ్వాసం అంటూ ఉంటే అది ఈ ‘ఏమో’లోనే ఉందని నా అభిప్రాయం. జరుగుతుందన్న ధీమాను ఇక్కడ ఎవరూ చూపరు. జరగవచ్చునన్న అవకాశానికి ప్రాణాన్ని ఒడ్డడమే ఇక్కడి విశ్వాసం.

ఎస్తేరు వెంటనే మారిపోతుంది. షూషనులో ఉన్న యూదులందరినీ సమకూర్చు, మూడు దినాలు రాత్రీ పగలూ అన్నపానాలు లేకుండా నా కోసం ఉపవాసముండండి, నేనూ నా పనికత్తెలూ అలాగే ఉంటాం, ఆ తర్వాత చట్టానికి విరుద్ధమైనా రాజు దగ్గరికి వెళ్తాను, నశిస్తే నశిస్తాను అంటుంది. అంతవరకు ఆజ్ఞలిచ్చింది మొర్దెకై, ఇప్పుడు ఎస్తేరు ఆజ్ఞాపించినట్టు మొర్దెకై చేశాడని ఆ అధ్యాయం ముగుస్తుంది. ఆమె తన కోసం అద్భుతం అడగలేదు, తోడుగా ఒక సమాజాన్ని అడిగింది. తన జాతిని అయిదేళ్లుగా దాచుకున్న మనిషి వెలుపల ఉన్న తన జాతితో కలిసి ఆకలికి ఉండటం ద్వారా, రాజుకు చెప్పక ముందే తాను ఎవరో ఒప్పుకుంది. ఇంకో చిన్న సంగతిని రబ్బీలు పట్టుకున్నారు. శాసనం రాసిన తేదీ నీసాను నెల 13 గనుక, ఈ మూడు దినాల ఉపవాసం పస్కా పండుగ రోజుల్లో పడుతుంది. ఐగుప్తు నుంచి విడుదలను తలచుకుంటూ విందు చేయవలసిన రాత్రి ఉపవాసముండి మొర్దెకై ఆ ఆజ్ఞను అతిక్రమించాడని రబ్బీల చర్చల సంకలనమైన తల్మూద్ అంటుంది.

ఈ ‘నశిస్తే నశిస్తాను’ అన్న మాటను దానియేలు గ్రంథంలోని ముగ్గురు యువకుల మాట పక్కన పెట్టి చూడాలి. మా దేవుడు మమ్మల్ని అగ్నిగుండం నుంచి రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అని వారు నెబుకద్నెజరుతో అంటారు. ఫలితం మీద ఆధారపడని నిర్ణయం రెండు చోట్లా ఉంది. అయితే ఆ యువకులు తమ దేవుణ్ణి నేరుగా ప్రస్తావించగలిగారు, మంటల్లో వారితో నాల్గవ వ్యక్తి నడిచాడు. ఎస్తేరు ఎవరి పేరూ చెప్పలేదు, ఆమెతో ఎవరూ నడవలేదు.

ఈ మౌనాన్ని పూర్వపు పాఠకులు కూడా భరించలేకపోయారు. గ్రీకు అనువాదంలో హీబ్రూలో లేని ఆరు భాగాలు కనిపిస్తాయి. వాటిలో మొర్దెకై ప్రార్థన, ఎస్తేరు దీర్ఘ ప్రార్థన, ఆమె రాజు ఎదుటికి వెళ్లిన ఘట్టపు కొత్త వర్ణన ఉన్నాయి. హీబ్రూలో ఆ ఘట్టం రెండు వచనాల్లో ముగుస్తుంది: ఆమె రాజవస్త్రాలు ధరించి ఆవరణంలో నిలబడింది, రాజు చూశాడు, దయ కలిగి దండం చాపాడు. గ్రీకులో రాజు కోపంతో చూస్తాడు, ఆమె మూర్ఛపోతుంది, దేవుడు రాజు మనసును మెత్తబరుస్తాడు, రాజు సింహాసనం దిగి ఆమెను చేతుల్లోకి తీసుకుంటాడు. సున్నతి లేనివాని పడక అంటే తనకు అసహ్యమనీ, తన తల మీది కిరీటం తనకు హేయమనీ ఆమె ప్రార్థనలో చెప్పుకుంటుంది. ఈ చేర్పుల వల్ల కథకు భక్తి వచ్చింది, ఆమె అంతరంగం తొలిసారిగా బయటపడింది, ఆ మేరకు అవి విలువైనవే. కాని దాంతో దండం చాపించినవాడెవరో తేలిపోయింది, ఆమె నిలబడ్డ చోట ఉన్న అనిశ్చితి పోయింది. 4వ శతాబ్దం చివర లాటిన్ అనువాదానికి పూనుకున్న జెరోమ్ ఈ భాగాలను విడదీసి గ్రంథం చివరికి నెట్టాడు. కతోలిక సంప్రదాయం వాటిని లేఖనంగానే ఉంచుకుంది, ప్రొటెస్టంట్లు తీసివేశారు. మన ప్రొటెస్టంట్ సంఘాల్లో చదివే తెలుగు బైబిల్లో ఎస్తేరు ప్రార్థన కనిపించకపోవడానికి కారణం ఇదే.

రబ్బీలు ఇంకో దారి పట్టారు. గ్రీకు అనువాదకులు పూడ్చిన ఖాళీని తల్మూద్ మరింత లోతుగా తవ్వింది. ఎస్తేరు విగ్రహాలున్న గది దగ్గరికి చేరగానే దైవసన్నిధి అయిన షెఖీనా ఆమెను విడిచి వెళ్లిందనీ, అప్పుడు ఆమె నా దేవా నా దేవా నన్నేల విడిచితివి అని 22వ కీర్తన మాటలు పలికిందనీ రబ్బీ లేవీ చెప్పాడు. బలవంతం వల్ల జరిగినదాన్ని ఇష్టపూర్వకంగా చేసినట్టు లెక్కిస్తున్నావా అని ఆమె దేవుణ్ణి నిలదీస్తుంది. లేక రాజును కుక్క అని పిలిచినందుకు కోపమా అని సందేహించి, అతణ్ణి సింహం అని మార్చి పిలుస్తుంది. ఆ చివరి మాటలోని చమత్కారాన్ని పక్కన పెడితే, ఇది అసాధారణమైన ఊహ. ఆమె అడుగు వేసిన క్షణంలోనే దేవుడు తప్పుకున్నాడని, అయినా ఆమె ఆగలేదని చెప్పడానికి ఆ రబ్బీలు వెనుకాడలేదు. మనలో చాలామంది ప్రసంగికులు ఈ ఘట్టంలో దేవుడు ఆమె చేయి పట్టుకుని నడిపించాడని చెబుతారు. రెండింటిలో రబ్బీ లేవీ చెప్పినదే హీబ్రూ మూలపు స్వభావానికి దగ్గరగా ఉందని నేననుకుంటాను.

ఈ గ్రంథం పవిత్ర లేఖనమేనా అన్న చర్చ కూడా తల్మూద్‌లో నమోదైంది. మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికిన చుట్టల్లో హీబ్రూ లేఖనాల ప్రతులు విరివిగా ఉన్నా, ఎస్తేరు ప్రతి ఒక్క ముక్కైనా బయటపడలేదు. దేవుని పేరు లేకపోవడానికి 12వ శతాబ్దపు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా ఆచరణాత్మకమైన కారణం చెప్పాడు. పారసీకులు ఈ కథను తమ రాజవృత్తాంతాల్లోకి ఎక్కించుకుంటూ ఆ పేరు స్థానంలో తమ దేవతల పేరు రాసుకుంటారన్న భయంతో రచయిత అసలు ఆ పేరే రాయలేదట. ఇది తెలివైన వివరణే గాని, గ్రంథమంతా పరుచుకున్న మౌనానికి సరిపోదు.

దండం చాపడంతో ఎస్తేరు పని పూర్తి కాలేదు, అసలు పని అప్పుడే మొదలైంది. సగం రాజ్యమైనా ఇస్తానన్న రాజును ఆమె అడిగింది ఒక విందుకు హామానుతో కలిసి రమ్మని. ఆ విందులో అడిగింది మర్నాడు మరో విందుకు రమ్మని. శత్రువును ఎందుకు పిలిచిందన్న ప్రశ్నకు తల్మూద్ ఒక పుట నిండా సమాధానాలు పోగుచేసింది. వల పన్నిందని రబ్బీ ఎలీయెజెరు, అతను బయట ఉండి తిరుగుబాటు చేయకుండా అని రబ్బీ మేయీరు, తాను యూదురాలినని అనుమానం రాకుండా అని రబ్బీ యెహూదా అన్నారు. రాజనగరులో మన ఆడపడుచు ఉందిలే అని యూదులు ప్రార్థన మానేయకుండా అని రబ్బీ నెహెమ్యా, రాజు చపలచిత్తుడు గనుక మనసు మారక ముందే పని జరగాలని రబ్బాన్ గమలీయేలు చెప్పారు. రాజులో అసూయ రగల్చి తానూ హామానూ ఇద్దరూ చచ్చినా సరే అనుకుందన్నవారు కూడా ఉన్నారు. చివరికి ఒక రబ్బీ ఏలీయా ప్రవక్తను కలిసి అసలు కారణం ఏదని అడిగితే, వాళ్లందరూ చెప్పినవన్నీ అని జవాబు వచ్చిందట. అనిశ్చితిలో నిర్ణయాలు తీసుకునేవారి మనసు నిజంగా అలాగే పనిచేస్తుంది, ఒకే అడుగుకు పది కారణాలుంటాయి.

రెండు విందుల మధ్య రాత్రి రాజుకు నిద్ర పట్టదు. చదివించుకున్న రాజవృత్తాంతంలో, ఒకప్పుడు తన ప్రాణం కాపాడిన మొర్దెకైకి బహుమానం ఏదీ అందలేదని తేలుతుంది. అప్పుడే మొర్దెకై కోసం 50 మూరల ఉరికొయ్య సిద్ధం చేయించి అనుమతి కోసం వచ్చిన హామాను, అతణ్ణి రాజవస్త్రాలతో గుర్రమెక్కించి ఊరేగించవలసి వస్తుంది. విశ్వాసులు దైవహస్తాన్ని చూసేది ముఖ్యంగా ఇక్కడే. అయితే ఈ యాదృచ్ఛికాలన్నీ పాఠకుడికి కనబడేవి, ఎస్తేరుకు కావు. ఆ రాత్రి ఏం జరిగిందో ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు. పైగా అది జరిగింది ఆమె ప్రాణాలకు తెగించి అడుగు వేసిన తర్వాతే.

రెండవ విందులో ఆమె మాట్లాడిన తీరు గమనించదగ్గది. నా మనవి ఆలకించి నా ప్రాణాన్నీ నా ప్రజలనూ నాకు దయచేయండి, మేము నాశనానికి అమ్ముడుపోయాం, దాసులుగా అమ్ముడుపోయి ఉంటే మౌనంగానే ఉండేదాన్ని అంటుంది. ముద్ర ఉంగరం తీసి ఇచ్చింది రాజేనని అక్కడున్న ముగ్గురికీ తెలుసు, ఆమె మాత్రం ఆ మాట ఎత్తదు. హామాను తన ఉరికొయ్య మీదే వేలాడతాడు. అంతటితో కథ ముగిసిందనుకునేవారు ఎనిమిదవ అధ్యాయం చూడాలి. హామాను పోయినా శాసనం పోలేదు. ఎస్తేరు మళ్లీ రాజు పాదాల మీద పడి ఏడుస్తుంది, రాజు మళ్లీ బంగారు దండం చాపుతాడు. అంటే అదే గడపను ఆమె రెండవసారి కూడా ప్రాణభయంతోనే దాటిందన్నమాట. ఈ రెండవ ధైర్యం గురించి మాట్లాడేవారు తక్కువ. నిజానికి అప్పటికి హామాను నుంచి ఆమె ప్రాణానికి ముప్పు లేదు, అడిగింది పూర్తిగా ఇతరుల కోసమే.

పాత శాసనం రద్దు కాదు గనుక, యూదులు ఆయుధాలు పట్టి తమను తాము కాపాడుకోవచ్చన్న రెండవ శాసనం వెలువడుతుంది. ఆ దినాన సంస్థానాల్లో 75,000 మంది శత్రువులు హతులయ్యారని హీబ్రూ గ్రంథం, 15,000 మంది అని గ్రీకు అనువాదం చెబుతాయి. షూషనులో 500 మంది చనిపోయాక, ఎస్తేరు మరో దినం గడువు అడుగుతుంది, ఇంకో 300 మంది చనిపోతారు. యూదులు దోపుడుసొమ్ము ముట్టలేదని గ్రంథం మూడుసార్లు నొక్కి చెబుతుంది. అగాగుపై యుద్ధంలో సౌలు సైన్యం సొమ్ముకు ఆశపడిన తప్పును ఇది దిద్దుతోందని వ్యాఖ్యాతలు అంటారు. ఆత్మరక్షణ అన్న వాదన మొదటి దినానికి సరిపోతుంది, రెండవ దినానికి సరిపోతుందని నాకు అనిపించదు. తలకిందులు కావడమే ఇతివృత్తంగా ఉన్న అతిశయోక్తి కథలో అంకెలను అక్షరాలా తీసుకోకూడదన్నది సబబే, కాని కథలను అక్షరాలా తీసుకునేవారు ప్రతి మతంలోనూ ఉంటారు. 1994 ఫిబ్రవరి 25న, ఈ గ్రంథంలోని విడుదలను యూదులు ఏటా జరుపుకునే పూరీము పండుగ నాడే, హెబ్రోనులో ప్రార్థన చేసుకుంటున్న 29 మంది ముస్లిములను ఒక యూదు తీవ్రవాది కాల్చి చంపాడు. ఎస్తేరును ధైర్యానికి ఆదర్శంగా చూపేవారు తొమ్మిదవ అధ్యాయాన్ని దాటవేయకూడదు.

ఈ గ్రంథానికి అత్యంత సమీపంగా బతికి చూపినవారు స్పెయిన్, పోర్చుగల్ దేశాల రహస్య యూదులు. 1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొట్టింది, 1497లో పోర్చుగల్ బలవంతంగా బాప్తిస్మమిప్పించింది. పైకి కతోలికులుగా ఉంటూ ఇంట్లో పాత ఆచారాలను కాపాడుకున్న ఆ కుటుంబాలకు, జాతిని దాచుకుని రాజనగరులో బతికిన ఎస్తేరు తమ మనిషిలా కనిపించింది. ఆమెను పునీత ఎస్తేరుగా కొలిచారు. పూరీము విందూ సందడీ ఇరుగుపొరుగుకు తెలిసిపోతాయి, ఉపవాసం తెలియదు. అందుకే వారిలో పండుగ సంబరం కనుమరుగై ఎస్తేరు ఉపవాసం మిగిలింది, మతవిచారణ న్యాయస్థానాల పత్రాల్లో దాన్ని నేరంగా నమోదు చేశారు. అదృశ్యుడైన దేవుణ్ణి అదృశ్యంగానే సేవించవలసి వచ్చినవారికి, ఆయన పేరు లేని గ్రంథం లోపభూయిష్ఠంగా కనిపించి ఉండదు.

పూరీము నాడు సమాజమందిరాల్లో గ్రంథమంతా సాయంత్రం ఒకసారి, ఉదయం ఒకసారి చదువుతారు. హామాను పేరు వినబడగానే పిల్లలు గిలకలు తిప్పి, పెద్దలు నేల తన్ని అల్లరి చేస్తారు. ఇతర విమోచన పండుగల్లో పాడే హల్లేల్ కీర్తనలను మాత్రం ఆ రోజు పాడరు. ఎందుకన్న ప్రశ్నకు తల్మూద్‌లో రావా అనే పండితుడు ఇచ్చిన సమాధానం కథను ఉన్న చోటే నిలబెడుతుంది. ఐగుప్తు నుంచి బయటపడ్డవారు యెహోవా సేవకులారా స్తుతించుడి అని పాడగలిగారు, అప్పటికి వారు ఫరోకు దాసులు కారు. షూషనులో బతికి బయటపడ్డవారు మాత్రం ఇంకా అహష్వేరోషు దాసులే. గ్రంథం పదవ అధ్యాయం కూడా రాజు దేశం మీదా సముద్ర ద్వీపాల మీదా పన్ను విధించాడన్న మాటతోనే మొదలవుతుంది.